రెండుసార్లు పుట్టే పన్ను

దుమ్ముగూడెం భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున ఉంది. అడవి అంచున ఉన్న ఇలాంటి పల్లెల్లో ఒకప్పుడు పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న ఇల్లు అరుదు. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు పిల్లవాడి చేతిని తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుకోమనేవారు. అందితే ఐదారేళ్లు వచ్చినట్టే. ఇంచుమించు ఆ వయసులోనే కింది ముందు పన్ను కదులుతుంది. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం. దాంతో పాలపన్ను పని అయిపోయిందనుకుంటాం. నిజానికి ఆ చిన్న పన్నును అర్థం చేసుకోవడానికి మనిషికి వేల ఏళ్లు పట్టింది.

సంస్కృతంలో పన్నుకు ‘ద్విజం’ అని పేరు. రెండుసార్లు పుట్టేదని అర్థం. ప్రాచీన బాలవైద్య గ్రంథమైన కాశ్యప సంహితలో పళ్ల పుట్టుకకు ఒక అధ్యాయమే ఉంది. 32 పళ్లలో 8 ఒక్కసారే పుడతాయని, తక్కిన 24 రెండుసార్లు పుడతాయని అందులో ఉంది. ఎన్నో నెలలో పన్ను వస్తే అన్నో ఏట ఊడి మళ్లీ వస్తుందని కూడా చెప్పింది. నేటి శాస్త్రం ప్రకారం రెండుసార్లు వచ్చేవి 20, ఒక్కసారే వచ్చేవి 12. వెనక దవడపళ్ల దగ్గర ఆ నెలల లెక్క కూడా నిలవదు. కానీ ఆరో నెలలో మొలిచే కింది ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడటం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

ఐరోపాలో హిప్పోక్రటీస్ పేరుతో వచ్చిన గ్రంథాల్లోనూ పళ్లు మొలవడం మీద ఒక చిన్న పుస్తకం ఉంది. జ్వరాలకు, విరేచనాలకు పళ్లు రావడమే కారణమన్న నమ్మకం అక్కడ శతాబ్దాల పాటు సాగింది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోజ్ పారే పన్ను బయటికి రావడానికి పసివాళ్ల చిగుళ్లు కోయమన్నాడు. మన ఇళ్లలో ఇప్పటికీ ‘పళ్లొస్తున్నాయి, అందుకే విరేచనాలు’ అంటారు. అసలు సంగతి వేరు. ఆ వయసుకు తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతుంది, పైతిండి మొదలవుతుంది, పాకే బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. పన్ను మీద నెపం వేసి ఓఆర్ఎస్ తాగించడం ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

ఊడిన పాలపన్నుకు వేరు కనబడదు. అందుకే వేరు లోపలే మిగిలి కొత్త పన్నుగా పెరుగుతుందని చాలాకాలం నమ్మారు. 1543లో శరీర నిర్మాణ శాస్త్రాన్ని తిరగరాసిన వెసాలియస్ కూడా అలాగే అనుకున్నాడు. 1563లో ఇటలీకి చెందిన యూస్టాకి పళ్ల మీద వెలువరించిన పుస్తకంలో, శిశువుల దవడలను కోసి చూసి, రెండు పళ్లకూ వేర్వేరు మొగ్గలుంటాయని చూపించాడు. పాలపన్నుకు వేరు ఉంటుంది. కింద కొత్త పన్ను పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది.

సూక్ష్మదర్శిని వచ్చాక చూపు ఇంకా వెనక్కి, తల్లి గర్భంలోకి వెళ్లింది. ఆరో వారానికే దవడలో పళ్ల మొగ్గలు మొదలవుతాయి. నాలుగో నెల నుంచి గట్టిపడతాయి. 1936లో ఐజాక్ షోర్ పాలపన్ను పింగాణి పొరలో ఒక సన్నని గీతను వివరించాడు. అది పుట్టుక గీత. దానికి ఇవతలిది పుట్టాక ఏర్పడిన భాగం, అవతలిది కడుపులో ఉండగానే ఏర్పడింది.

పన్ను ఎప్పుడు తయారవుతుందన్న ఈ సంగతిని తెలుగు నేల చేదుగా చవిచూసింది. 1937లో నెల్లూరు ప్రాంతంలో, నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. తర్వాత నల్లగొండ పేరే ఆ జబ్బుకు గుర్తయింది. గోధుమరంగు మచ్చలు పాలపళ్ల మీద తక్కువ, శాశ్వత పళ్ల మీద ఎక్కువ. పాలపళ్లు చాలామటుకు గర్భంలోనే తయారవుతాయి, అక్కడ మాయ ఫ్లోరైడును కొంత అడ్డుకుంటుంది. శాశ్వత పళ్లు తయారయ్యేది బిడ్డ ఆ ఊరి నీళ్లు తాగే ఏళ్లలో.

మూడేళ్లకల్లా ఇరవై పళ్లూ వస్తాయి: ఎనిమిది ముందు పళ్లు, నాలుగు కోరపళ్లు, ఎనిమిది దవడపళ్లు. వీటి పింగాణి పలుచన, లోపలి గుజ్జు పెద్దది. అందుకే పుచ్చు త్వరగా నరానికి తగులుతుంది. ‘ఊడిపోయేవే కదా’ అని వదిలేస్తే, ముందే పోయిన దవడపన్ను ఖాళీలోకి పక్క పళ్లు ఒరుగుతాయి, కొత్తది వంకరగా వస్తుంది. ఆరేళ్లప్పుడు వెనక కొత్తగా మొలిచే దవడపన్నును చాలామంది పాలపన్నే అనుకుంటారు. అది పోతే మళ్లీ రాదు.

అంగన్‌వాడీలకు పునాది అయిన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975లో మొదలైంది. 2015 జనవరి నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు అంగన్‌వాడీలోనే పాలు, గుడ్డుతో ఒకపూట నిండు భోజనం పెడుతున్నారు. ఆ పళ్లెం ముందు కూర్చున్న నాలుగు నెలల గర్భిణి కడుపులో బిడ్డ పళ్లు అప్పుడే గట్టిపడుతుంటాయి. ఆరేడేళ్ల తర్వాత ఇంటికప్పు ఎక్కే పన్ను ఆ అన్నంతోనే తయారవుతుంది. అందుకే దుమ్ముగూడెంలోనైనా మరెక్కడైనా, పిల్లల పళ్ల సంరక్షణ తల్లి భోజనం దగ్గరే మొదలవ్వాలి.