చకుముకి

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల నిప్పుపెట్టె రాకమునుపు ఇంటింట నిప్పు పుట్టించిన రాతికి చకుముకి యని పేరు. చెకుముకి యనుటయు కలదు. తురుష్కభాషలో కొట్టుట యను నర్థముగల ధాతువునుండి పుట్టి, పారసీక హిందుస్తానీల మీదుగా ఈ మాట మనకు వచ్చినది. తుపాకి యను మాటకును మూలము ఆ తురుష్కభాషయే.

1800లో దత్తమండలము కుంపిణీ వశమై, కలెక్టరు మన్రో అనంతపురమున మకాముచేసి పాళెగాండ్ర నణచిన కాలమున ఆంగ్లేయుల వేటతుపాకి పేలినది ఈ చకుముకి చేతనే. మీట నొక్కగానే కొక్కెపు దవడలలో బిగించిన రాయి ఉక్కురేకును రాచుకొని, క్రిందిపళ్లెములోని మందుపై నిప్పురవ్వలు రాల్చును. ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందు నంటును. 1807లో ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు దెబ్బకు పేలు మందును తుపాకికి వాడు పద్ధతికి పేటెంటు పొందగా, అటుపిమ్మట వచ్చిన, ఆ మందు నింపిన రాగిటోపీ రాతిని తొలగించినది.

కావున పాత తుపాకులను సేకరించువారు ముందుగా కొక్కెము బిగించియున్న పక్కరేకును పరిశీలింపవలెను. పళ్లెము నూడదీసిన చోట పూడ్చిన మరచీలల గుంటలు కనబడినచో, అది రాతితుపాకిగా పుట్టి టోపీతుపాకిగా మారినదని యెరుగునది. అట్టిదానికి మరల రాతిని తగిలించి తొలిరూపముగా అమ్మువారును కలరు; నా దృష్టిలో ఆ మార్పుల గురుతులే దాని నిజమైన చరిత్ర, వానిని చెరుపరాదు.