సైన్యంలో చేరే నర్సులకు చదువు అప్పు తీర్చే పథకాలు: అమెరికాలో ఎలా ఉన్నాయి? భారత్‌లో విధానం ఏమిటి?

అమెరికాలో నర్సింగ్ పట్టా పుచ్చుకొని బయటికి వచ్చేవారిలో అనేకులు విద్యారుణ భారాన్ని కూడా వెంట తెచ్చుకుంటారు. సరిగ్గా ఆ దశలోనే సైనిక నియామక అధికారులు వారి ముందు ఒక ప్రతిపాదన ఉంచుతారు. నర్సింగ్ అధికారిగా చేరితే చదువు కోసం చేసిన అప్పును ప్రభుత్వమే తీరుస్తుంది, లేదా చేరినందుకు బోనస్ ఇస్తుంది అన్నది దాని సారాంశం.

అయితే ఇది బహుమతి కాదు, ఒప్పందం. ప్రభుత్వం ఇచ్చే సొమ్ముకు బదులుగా నర్సు కొన్నేళ్ల సేవాకాలాన్ని రాసివ్వాలి. సొమ్ము ఎంత, సేవాకాలం ఎంత, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది అనేవే ఇందులో కీలకమైన ప్రశ్నలు.

అప్పు తీర్చే పథకం ఎలా పనిచేస్తుంది?

అమెరికా సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటిలోనూ నర్సింగ్ విభాగాలు ఉన్నాయి. సైన్యంలో ఈ విభాగం 1901లోనూ, నౌకాదళంలో 1908లోనూ, వైమానిక దళంలో 1949లోనూ ఏర్పడింది. వీటిలో చేరే రిజిస్టర్డ్ నర్సులు సిపాయిలుగా కాక కమిషన్డ్ అధికారులుగా ప్రవేశిస్తారు.

వైద్య వృత్తుల విద్యారుణ చెల్లింపు పథకం కింద, పూర్తికాలపు సేవలో చేరే నర్సుకు ఏడాదికి 40,000 డాలర్ల వరకు, మూడేళ్లలో మొత్తం 1,20,000 డాలర్ల వరకు ఇస్తామని అమెరికా సైన్యం ప్రకటిస్తూ వచ్చింది. ఈ సొమ్ము నర్సు చేతికి రాదు. అప్పు ఇచ్చిన సంస్థకే నేరుగా జమ అవుతుంది. ఒక్కో ఏడాది చెల్లింపునకు కనీసం ఒక్కో ఏడాది సేవ చేయాలని చట్టం చెబుతోంది.

పన్ను పోగా మిగిలేది ఎంత?

చాలామంది గమనించని అంశం పన్ను. అప్పు కింద ప్రభుత్వం కట్టే మొత్తాన్ని నర్సు ఆదాయంగానే లెక్కిస్తారు. అందువల్ల పన్ను మినహాయించిన తరువాత మిగిలినదే రుణదాతకు చేరుతుంది. ఉదాహరణకు 40,000 డాలర్లలో 22 శాతం కోత పడితే 8,800 డాలర్లు పన్నుకు పోయి, అప్పుకు జమ అయ్యేది 31,200 డాలర్లు మాత్రమే. మూడేళ్లకు అది 93,600 డాలర్లు. 1,20,000 డాలర్ల అప్పు పూర్తిగా తీరిపోతుందని భావించినవారికి ఇంకా 26,400 డాలర్ల అసలు, దానిపై వడ్డీ మిగిలి ఉంటాయి.

బోనస్ సంగతేమిటి?

అప్పు లేనివారికి, లేదా తక్కువ అప్పు ఉన్నవారికి ప్రవేశ బోనస్ లాభదాయకం కావచ్చు. మూడేళ్ల సేవకు 20,000 డాలర్లు, నాలుగేళ్ల సేవకు 30,000 డాలర్లు అన్నది చాలాకాలం అమలులో ఉన్న లెక్క. ఏటా అవసరాన్ని బట్టి ఈ మొత్తాలు మారుతుంటాయి. బోనస్‌పైనా పన్ను ఉంటుంది. రుణ చెల్లింపు, బోనస్ రెండూ కలిపి ఎంచుకొంటే సేవాకాలం పెరుగుతుంది.

ఇంకా చదువుతున్నవారి కోసం నౌకాదళం వేరే పథకం నడిపింది. నర్సింగ్ విద్యార్థికి మొదట 10,000 డాలర్ల వరకు, ఆపై 24 నెలల వరకు నెలకు 1,000 డాలర్లు ఇస్తూ వచ్చింది. పట్టా రాగానే ఆ విద్యార్థి నౌకాదళ అధికారిగా చేరాలి.

ఒప్పందంలో కనిపించని బరువు ఏమిటి?

అమెరికాలో తొలిసారి సైన్యంలో చేరేవారికి సాధారణంగా మొత్తం ఎనిమిదేళ్ల బాధ్యత ఉంటుంది. మూడేళ్లు పూర్తికాలం పనిచేసిన నర్సు, మిగిలిన ఐదేళ్లు రిజర్వ్ జాబితాలో ఉండవచ్చు. ఆ కాలంలో అవసరమైతే ప్రభుత్వం తిరిగి పిలవవచ్చు. బదిలీలు, విదేశీ స్థావరాలు, యుద్ధక్షేత్రంలోని ఆసుపత్రులు కూడా ఉద్యోగంలో భాగమే.

ఒప్పుకొన్న కాలం పూర్తికాకుండా వైదొలగితే, సేవ చేయని కాలానికి సంబంధించిన సొమ్మును తిరిగి చెల్లించవలసి రావచ్చు.

వేరే మార్గాలు ఉన్నాయా?

ఉన్నాయి. సైన్యంలో చేరకముందు చేసిన అప్పులపై, పూర్తికాలపు సేవలో ఉన్నంతవరకు వడ్డీ ఆరు శాతం దాటకూడదని అక్కడి చట్టం చెబుతోంది. ఈ రక్షణ విద్యారుణాలకూ వర్తిస్తుంది. అయితే సాధారణంగా దీన్ని రాతపూర్వకంగా కోరాలి.

2007లో వచ్చిన మరో చట్టం ప్రకారం, ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని సంస్థలో పూర్తికాలం పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కట్టినవారికి, అర్హమైన ఫెడరల్ రుణంలో మిగిలినది రద్దవుతుంది. సైనిక సేవ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. లాభాపేక్ష లేని సాధారణ ఆసుపత్రిలో పనిచేసే నర్సుకూ ఈ దారి ఉంది కనుక, అప్పు తీర్చుకోవడానికి సైన్యమే ఏకైక మార్గం కాదు.

అక్కడి తెలుగువారికి అవకాశం ఉందా?

పూర్తికాలపు సేవలో నర్సింగ్ అధికారి కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. గుర్తింపు పొందిన సంస్థ నుంచి నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ, ఆ దేశపు నర్సింగ్ లైసెన్సు తప్పనిసరి. గ్రీన్‌కార్డుతో పనిచేస్తున్న తెలుగు నర్సులు పూర్తికాలపు సేవలో అధికారి హోదాకు పౌరసత్వం వచ్చేవరకు వేచి ఉండవలసిందే. గ్రీన్‌కార్డుదారులు సాధారణ సైనికులుగా చేరవచ్చు. కానీ వారికి వర్తించే రుణ పథకం వేరు, దాని నిబంధనలు వేరు. ఈ తేడా తెలియక రెండింటినీ ఒకటిగా భావించే ప్రమాదం ఉంది.

ఈ విధానం ఎక్కడ మొదలైంది?

నర్సు చదువుకు ప్రభుత్వం డబ్బు పెట్టి, ప్రతిగా సేవను కోరడం రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెద్ద ఎత్తున జరిగింది. ఒహాయో ప్రతినిధి ఫ్రాన్సెస్ పేన్ బోల్టన్ ప్రతిపాదించిన చట్టం 1943లో అమలులోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన కేడెట్ నర్స్ దళం విద్యార్థినుల ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు భరించి నెలవారీ భత్యం ఇచ్చింది. యుద్ధం ముగిసేవరకు సైనిక లేదా పౌర ఆసుపత్రుల్లో అత్యవసర సేవ చేస్తామని వారు ప్రమాణం చేయాలి. పథకం ముగిసేనాటికి సుమారు 1,24,000 మంది పట్టభద్రులయ్యారు.

అయినా కొరత తీరలేదు. నర్సులను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవాలని 1945 జనవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ కోరారు. ప్రతినిధుల సభ ఆ బిల్లును ఆమోదించింది కూడా. అది చట్టం కాకముందే ఐరోపాలో యుద్ధం ముగిసింది. నేటి బోనస్‌లు, రుణ చెల్లింపులు నిర్బంధం లేకుండా నర్సులను రప్పించే ప్రయత్నాలే.

భారత్‌లో పద్ధతి ఏమిటి?

భారత్‌లో సైనిక నర్సింగ్ సేవ చరిత్ర 1888 మార్చి 28న పదిమంది నర్సులు బొంబాయిలో దిగడంతో ఆరంభమైంది. ఇక్కడి లెక్క అమెరికాకు తలకిందులు. అక్కడ విద్యార్థి ముందు అప్పుచేసి చదివితే, ప్రభుత్వం తరువాత తీరుస్తుంది. ఇక్కడ ప్రభుత్వమే ముందు చదివిస్తుంది, సేవ తరువాత.

పుణె, ముంబయి, కోల్‌కతా, దిల్లీ, లఖ్‌నవూ, బెంగళూరులలోని సాయుధ దళాల నర్సింగ్ కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కోర్సు ఉంది. ఆరింటిలో కలిపి 220 సీట్లు. ఎంపికకు నీట్ స్కోరును పరిగణిస్తారు. ఆ తరువాత కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. విద్యార్థినులకు భోజనం, వసతి ఉచితం, నెలవారీ స్టైపెండ్ కూడా అందుతుంది. చేరేటప్పుడే సేవ చేస్తామని బాండు రాయాలి. మధ్యలో మానుకొన్నా, కమిషన్ నిరాకరించినా బాండు సొమ్ము కట్టాలి. కోర్సు పూర్తిచేసినవారు లెఫ్టినెంట్ హోదాలో చేరతారు.

ఈ ఆరు కళాశాలల్లో ఒక్కటీ తెలుగు రాష్ట్రాల్లో లేదు. ఇక్కడి విద్యార్థినులకు దగ్గరగా ఉన్నది బెంగళూరు. అయితే సికింద్రాబాద్‌లోని మిలిటరీ ఆసుపత్రి, విశాఖపట్నంలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి వంటివి తెలుగు నేలపైనే ఉన్నాయి.

సంతకానికి ముందు ఏమి చూసుకోవాలి?

రెండు దేశాల్లోనూ సూత్రం ఒకటే: కాగితంపై ఉన్నదే హామీ, నోటిమాట కాదు. అప్పు పథకానికి అర్హమైనదేనా, పన్ను పోగా ఎంత జమ అవుతుంది, సేవాకాలం ఏ తేదీ నుంచి లెక్క, పూర్తికాలం తరువాత రిజర్వ్ బాధ్యత ఎన్నేళ్లు, అనారోగ్యం లేదా కుటుంబ కారణాలతో వైదొలగితే తిరిగి కట్టవలసినది ఎంత అనే ఐదు ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం పొందడం అవసరం. అప్పు తీరడానికి పట్టే కాలాన్ని, రాసిచ్చే సేవాకాలాన్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఈ ప్రతిపాదన తమకు తగినదో కాదో తేలుతుంది.