1951 డిసెంబరు 20 వెనుక

‘చరిత్రలో ఈ రోజు’ అని పేపర్లలో ఒక మూల చిన్న పెట్టె వేస్తుంటారు. తెలుగు పాట విషయంలో డిసెంబరు 20కి ఆ పెట్టెలో రాయాల్సిన మాట ఒకటుంది: 1951లో అదే రోజున ‘మల్లీశ్వరి’ విడుదలైంది. మా పులివెందుల వైపు వాళ్ళకు ఆ తేదీ మీద కొంచెం ఎక్కువ హక్కే ఉంది. ఆ సినిమా తీసిన బి.ఎన్.రెడ్డి, అంటే బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, 1908 నవంబరు 16న పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టారు.

తేదీల పట్టికలతో ఒక చిక్కుంది. అవి విడుదలైన రోజును చెబుతాయి గానీ పాట పుట్టిన రోజును చెప్పవు. ‘మల్లీశ్వరి’ పాటలు డిసెంబరు 20న పుట్టలేదు. వాటి సంగతి తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1932 ఫిబ్రవరి 6న విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ తెలుగులో తొలి టాకీ. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి, పాటలు రాసినవారు చందాల కేశవదాసు. అప్పట్లో నటీనటులు కెమెరా ముందు నిలబడి నటిస్తూనే పాడాలి. మైకు తెరమీద కనబడకూడదు, హార్మోనియం, తబలా వాళ్ళు కూడా కనబడకూడదు. పాడుతూ అటూ ఇటూ తిరిగితే గొంతు మైకుకు అందదు. అందుకని వేషానికి తగిన మనిషి కన్నా గొంతున్న మనిషికే గిరాకీ. నాటకాల స్టేజీ పద్యం సినిమాలోకి నేరుగా వచ్చి కూర్చుంది. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్ళు ‘ధూప్ ఛావోఁ’లో పాటను ముందే రికార్డు చేసి, షూటింగులో దాన్ని వినిపిస్తూ నటులచేత పెదవులు కదిపించారు. పాడే మనిషికీ కనబడే మనిషికీ అక్కడే దారులు వేరయ్యాయి.

బి.ఎన్.రెడ్డి ఈ రంగంలోకి వచ్చింది ఆ హెచ్.ఎం.రెడ్డి పక్కనే. కుటుంబానిది ఉల్లిగడ్డల ఎగుమతి వ్యాపారం. మద్రాసులో ప్రెస్సు నడిపారు. రోహిణి పిక్చర్స్‌లో భాగస్వామిగా ‘గృహలక్ష్మి’ (1938) అయ్యాక బయటికొచ్చి వాహిని పెట్టారు. 1939లో ‘వందేమాతరం’, ఆ తర్వాత ‘సుమంగళి’, ‘దేవత’. నటుడూ గాయకుడూ అయిన నాగయ్య గొంతు ఇంటింటికీ చేరింది ఈ సినిమాలతోనే. 1945లో ‘స్వర్గసీమ’ తీసినప్పుడు ఒక కొత్త కుర్రాడు అందులో పాడాడు. అతనికి 116 రూపాయలు ఇచ్చారని చెబుతారు. ఆ కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. అదే సినిమా భానుమతికి పాటలోనూ నటనలోనూ పెద్ద పేరు తెచ్చింది. ఆరేళ్ళ తర్వాత ‘మల్లీశ్వరి’లో జంటగా వినిపించేది ఈ ఇద్దరి గొంతులే.

‘మల్లీశ్వరి’ ఆలోచనకు మూడు మొదళ్ళు చెబుతారు. బుచ్చిబాబు రాసిన ‘రాయలవారి కరుణకృత్యం’ నాటిక ఒకటి. ఇలస్ట్రేటెడ్ వీక్లీలో దేవన్ షరార్ రాసిన ఆంగ్ల కథ ఇంకొకటి. మూడోది కృష్ణదేవరాయల రాజధాని హంపీకి బి.ఎన్.రెడ్డి చేసిన ప్రయాణం. నాకు మూడోదే ముఖ్యమనిపిస్తుంది. జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డునున్న గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు రాయల సేవలో ఉన్నవాళ్ళే. రాయల ఆస్థానకవి పెద్దనకు అగ్రహారంగా దక్కిన కోకటం మన కమలాపురం దగ్గరిదే. ఈ నేల మీద పుట్టినవాడికి రాయలు పాఠం పుస్తకంలోని బొమ్మ కాదు. అందుకే ఆ సినిమాలో రాయలవారు వానకు తడిసి మండపంలో ఆగిన బాటసారిలా కనబడతారు.

పాటల దగ్గరికి వస్తే, అప్పటిదాకా వాహిని పాటలకు సముద్రాల రాఘవాచార్యులు పెద్ద దిక్కు. ఈసారి బి.ఎన్.రెడ్డి దేవులపల్లి కృష్ణశాస్త్రిని పట్టుకొచ్చారు. ‘కృష్ణపక్షం’ కవికి అప్పటికి యాభై దాటాయి, సినిమాకు రాయడం అదే మొదలు. పాటలతో పాటు మాటలూ ఆయనవే. ‘శివతాండవం’ రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో ఉండగా పిఠాపురం దాకా ఎందుకు పోవాలని మా వైపు వాళ్ళకు అనిపించవచ్చు. నా మట్టుకు ఎంపిక సరైనదే. పుట్టపర్తి వారిది మృదంగం మోగే నడక. ఈ కథలో కావలసింది గుసగుస.

ఆ గుసగుసకు బాణీ కట్టడం సాలూరు రాజేశ్వరరావు పని. పిల్లవాడిగా 1935లోనే తెరమీద కృష్ణుడి వేషం వేసినవారు. కలకత్తా వెళ్ళి న్యూ థియేటర్స్ సంగీతాన్ని దగ్గరగా చూశారు. గ్రామఫోను రికార్డుల్లో లలితగీతాలు పాడి పేరు తెచ్చుకున్నారు. 1948లో ‘చంద్రలేఖ’కు సంగీతమిచ్చారు. రాగం ఎరిగి, ఆ రాగాన్ని ఎక్కడ సన్నగా వాడాలో కూడా తెలిసిన మనిషి. వాద్యగోష్ఠి పని అద్దేపల్లి రామారావు చూశారు. పాటలు తయారవడానికే ఆరు నెలలు పట్టిందని చెబుతారు. కాళిదాసు మేఘసందేశం తలపును తీసుకుని విడిపోయిన ఇద్దరిచేత మబ్బులతో మాట్లాడించారు. అంతఃపురానికి జావళి, ప్రదర్శనకు ఉషాపరిణయం యక్షగానం, బండి మీద పోయే పిల్లలకు పల్లె పాట. ఏ పాటా ఇంకో పాట చోట ఇమడదు.

రికార్డింగు సంగతీ చెప్పాలి. అప్పటి పద్ధతిలో ధ్వనిని ఫిల్ము మీదే ముద్రించేవారు. గాయకులు, వాద్యబృందం అంతా ఒకేసారి, ఒకే గదిలో. వయొలిన్ ఒక్క స్వరం తప్పినా అందరూ మళ్ళీ మొదటికి రావాలి. ఇప్పటిలా తప్పిన ముక్క ఒక్కటే కోసి అతికించే వీల్లేదు. కనుక రికార్డింగుకు ముందు రిహార్సళ్ళే అసలు పని, రిహార్సళ్ళంటే నిర్మాతకు ఖర్చు. ఆ ఖర్చు భరించే ఓపిక ఉన్న నిర్మాతే దర్శకుడు కూడా కావడం ‘మల్లీశ్వరి’ అదృష్టం.

సినిమాలో ఎన్.టి.రామారావు గొంతు ఘంటసాలది, భానుమతి గొంతు భానుమతిదే. పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకే యుగళగీతంలో పక్కపక్కన నిలబడ్డాయి. రాను రాను నేపథ్య గానమే మామూలైంది. తన పాట తానే పాడుకునే కథానాయిక భానుమతి తర్వాత మనకు దాదాపు లేకుండా పోయింది.

‘మల్లీశ్వరి’ వచ్చిన ఏడాదే మార్చి 15న ‘పాతాళభైరవి’ వచ్చింది. దాని నిర్మాత బి.నాగిరెడ్డి బి.ఎన్.రెడ్డి తమ్ముడే. ఆయనా కడప జిల్లావారే, పుట్టింది పొట్టిపాడులో. అక్కడ సంగీతం ఘంటసాల, మాటలూ పాటలూ పింగళి. అన్నదమ్ములిద్దరూ ఒకే సంవత్సరంలో తెలుగువాళ్ళ నోట ఇన్ని పాటలు పెట్టారు. తమ్ముడి సినిమా పాటలు కూలికి పోయేవాళ్ళు కూడా పాడుకున్నారు, అన్న సినిమా పాటలను సంగీతం వచ్చినవాళ్ళు కూడా గౌరవించారు.

ఇక ఆ పాటలు మన ఊళ్ళకు చేరిన తీరు. సినిమా ముందు పెద్ద ఊళ్ళలో ఆడి, ఆ తర్వాతే చిన్న ఊళ్ళకు, టూరింగు టాకీసుకు వచ్చేది. అంతలోపు గ్రామఫోను రికార్డు, పాటల పుస్తకం ముందే వచ్చేవి. రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది, పెద్ద పాటైతే తిప్పి వెయ్యాలి. రేడియో మాత్రం అక్కరకు రాలేదు. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాటంటే పడదు, ఆకాశవాణిలో అవి వినపడకుండా చేశారు. జనం ముల్లును రేడియో సిలోన్‌కు తిప్పుకున్నారు. అక్కడి నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసేవారు. కొత్తపల్లివాడు తీసిన సినిమా పాట పులివెందులలో వినాలంటే కొలంబో కరుణించాలి! 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యాక ప్రభుత్వం దిగివచ్చింది. కడపకు సొంత ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది.

ఈసారి డిసెంబరు 20న ఆ పాటలు పెట్టుకుంటే, ఫోన్లో విడి పాట వినకుండా సినిమా మొదటి నుంచి వేసి పేర్లు చదవండి. గాయకుల దగ్గర ఆగిపోకుండా నిర్మాత, దర్శకుడి పేరు దాకా రండి. ఆయనకు 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. తెలుగువాళ్ళలో దాన్ని మొదట అందుకున్నది ఆయనే. తమ్ముడు నాగిరెడ్డికి అది 1986 సంవత్సరానికి దక్కింది.