బెట్జ్ కణాల లెక్కింపు

మనిషి శరీర కదలికలను నడిపించే మెదడు భాగమైన మోటార్ కార్టెక్స్ అయిదో పొరలో అతి పెద్ద పిరమిడ్ ఆకారపు నాడీకణాలు ఉంటాయి. 1874లో కీవ్‌లో వ్లాదిమిర్ బెట్జ్ వీటిని వర్ణించడంతో బెట్జ్ కణాలన్న పేరు వచ్చింది. వీటి తంతువులు వెన్నుపాము దాకా దిగుతాయి.

ఈ కణాల చరిత్రలో ఆస్ట్రేలియా తరఫున మొదట చెప్పుకోవలసినవారు ఆల్‌ఫ్రెడ్ వాల్టర్ కాంప్‌బెల్ (1868–1937). న్యూ సౌత్ వేల్స్‌లోని హార్డెన్ ప్రాంతంలో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, లివర్‌పూల్ దగ్గరి రెయిన్‌హిల్ మానసిక చికిత్సాలయంలో పాథాలజిస్టుగా పనిచేశారు. అప్పట్లో చాలామంది మెదడు నడిమి చీలికకు ముందూ వెనుకా ఉన్న మడతలు రెండూ కదలికలకు చెందినవే అనుకునేవారు. మెదళ్లను పలుచగా, వరసగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పరిశీలించిన కాంప్‌బెల్, ఈ పెద్ద కణాలు ముందరి మడతకే పరిమితమని చూపారు. శాస్త్రవేత్తలు షెరింగ్టన్, గ్రూన్‌బామ్ 1901లో చింపాంజీల వంటి వానరాల మెదళ్లకు విద్యుత్తు తగిలించి తేల్చిందీ, కదలికల ప్రాంతం ముందరి మడతే అని.

ఆయన అక్కడితో ఆగలేదు. బతికుండగా కాలో చెయ్యో తీసేయవలసి వచ్చినవారి మెదళ్లు చూశారు. ఆ అవయవానికి చెందిన చోట బెట్జ్ కణాలు మార్పు చెందాయి. కండరాలు క్రమంగా క్షీణించే ఏఎల్ఎస్ వ్యాధితో చనిపోయినవారిలో ఆ కణాలు చాలావరకు మాయమయ్యాయి. ఏ కణాలు లేకపోతే ఏ పని ఆగుతుందో చూసి, వాటి పనిని పట్టుకునే దారి ఇది. ఈ ఫలితాలన్నీ 1905లో కేంబ్రిడ్జ్ ప్రచురించిన ఆయన గ్రంథంలో ఉన్నాయి. కార్టెక్స్ ప్రాంతాలకు అంకెలిచ్చిన బ్రాడ్‌మన్ గ్రంథం వచ్చింది 1909లో. అయినా పాఠ్యపుస్తకాల్లో బ్రాడ్‌మన్ అంకెలే నిలిచాయి. కాంప్‌బెల్‌కు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. ఆయన 1905లోనే సిడ్నీకి తిరిగివచ్చి నాడీవైద్యుడిగా స్థిరపడ్డారు.

ఈ కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కించడం చెప్పినంత తేలిక కాదు. ఇంత పెద్ద కణం పక్కపక్క ముక్కల్లో రెండు మూడుసార్లు కనిపిస్తుంది. ప్రతిసారీ లెక్కపెడితే మొత్తం పెరిగిపోతుంది. అందుకే కేంద్రకం లోపలి చుక్క కనిపించిన చోటే ఒక కణంగా లెక్కవేయడం వాడుకైంది.

1940లో అమెరికాలో లాసెక్ అనే పరిశోధకుడు మెదడు ఒక అర్ధగోళంలో సుమారు 34 వేల బెట్జ్ కణాలున్నాయని అంచనా వేశారు. అందులో ముప్పావు వంతు కాళ్లకు చెందిన ప్రాంతంలోనివే. వెన్నుపాములోకి దిగే పిరమిడ్ మార్గంలో దాదాపు పది లక్షల తంతువులుంటే, ఈ కణాల వాటా నూటికి మూడు మాత్రమే.

లెక్కింపు ఆస్ట్రేలియాలో తర్వాతా సాగింది. 1987లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన హార్పర్, క్రిల్, డాలీ దీర్ఘకాలం మద్యం తాగినవారి మెదళ్లలో అన్ని రకాల నాడీకణాలనూ లెక్కించారు. ముందరి భాగంలో కణాలు తగ్గాయి; మోటార్ కార్టెక్స్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.