బార్కస్ పేటయు బాలరక్షణబోధయు

పిల్లలకు పెద్దలు నేర్పు తొలి జాగ్రత్తలలో ‘ఎఱుగనివారి వెంట పోరాదు’ అనునది యొకటి. ఈ బోధ యే రూపమున మనకు సంక్రమించినది, ఆపద వచ్చినపుడు బిడ్డకు ఎంతవఱకు అక్కఱకు వచ్చినది అను ప్రశ్నలు చరిత్రదృష్టితో విచారింపదగినవి. హైదరాబాదు పాతనగరమున చాంద్రాయణగుట్ట చెంతనున్న బార్కస్ పేటను ఆలంబనముగా గొని ఆ విచారమును ఇచట గావింపనెంచితిమి.

బార్కస్ అను పేరు సైనికుల వసతులను తెలుపు ‘బ్యారక్సు’ అను ఆంగ్లశబ్దమునకు వికృతి. నిజాముల కొలువున సైనికులుగా నుండిన అరబ్బుల సంతతివారు ఇచట నివసించుచున్నారు. వారిలో పెక్కుర పూర్వులు యెమెను దేశమందలి హద్రమౌత్ సీమనుండి వచ్చినవారు. వీరికి గల ‘చావుష్’ అను వ్యవహారము ఉస్మానీ తురుష్కుల సేనయందలి యొక హోదా పేరు. అరబ్బు సైనికులలోను రోహిలాలలోను కొందఱు అధికవడ్డీకి అప్పులిచ్చి, తీర్పలేనివారిని నిర్బంధించుచుండిరి. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు సంస్కరణములలో ఈ ఆగడమును అదుపు చేయుటయు నొకటి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య పిదప అరబ్బులలో పెక్కురు నిర్బంధితులైరి. కొందఱు దేశాంతరమునకు పంపబడిరి. నిలిచినవారు ఈ నగరప్రజలలో భాగమైరి. ఒకనాడు ఋణగ్రస్తులు చూచి వెఱచిన పరదేశి, నేడు ఇరుగుపొరుగువాడు. ‘అపరిచితుడు’ అను మాటకు స్థిరమైన అర్థము లేదనుటకు ఈ పేటయే తార్కాణము.

ఇక తెలుగిండ్లలోని బోధను చూతము. పిల్లలను గడప దాటకుండ నిలుపుటకు మన తల్లులు వాడిన మాట ‘బూచి’. 1751లో హైదరాబాదునకు వచ్చి, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధమున విజయనగర ప్రభువు పక్షమున నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే ‘బూచి’ యైనదని యొక ప్రతీతి కలదు. వినుటకు ఇంపుగా నున్నను ఈ వ్యుత్పత్తిని మేము నిశ్చయముగా గ్రహింపజాలము. తమిళమున ‘పూచ్చాండి’ అను పదము రూపమునను అర్థమునను దీనికి సన్నిహితమై యున్నది. కావున ఈ శబ్దము బుస్సీకి పూర్వమే దక్షిణభాషలలో నుండెనని ఊహించుటకు అవకాశము కలదు. శబ్దమూల మెట్లున్నను, ప్రతీతి యొక సంగతిని తెలుపుచున్నది: జనులు పిల్లల భయమునకు ఒక పరదేశి ముఖమును తగిలించిరి. బూచి యెపుడును గడప వెలుపలనే యుండును. ఇంటికి వచ్చిపోవువాడు, చుట్టమైనవాడు బూచి కానేరడు. ఈ బోధలోని లోపము ఇచటనే కలదు.

గ్రంథస్థమైన నీతిని పరికించినను ఇట్టిదే కానవచ్చును. హితోపదేశమునుండి చిన్నయసూరి నీతిచంద్రిక (1853) ద్వారమున మన బడులకెక్కిన కథలలో జరద్గవమను ముసలిగ్రద్ద కథ యొకటి. కులశీలములు తెలియనివానికి చోటొసగరాదని దానికి చెప్పబడు నీతి. కథను మరల చదివినచో వేఱొక సంగతి తోచును. పిల్లిని చూచినతోడనే పక్షిపిల్లలు భయపడి అఱచినవి. కావలియున్న గ్రద్ద ఆ అఱపును విని పిల్లిని అదలించినది. కాని అనంతరము పిల్లి పలికిన ధర్మవాక్యములకు లోబడి దానిని తొఱ్ఱలో నుండనిచ్చినది. పిల్లలు హతమైనది పిల్లి అపరిచితముగా నున్నప్పుడు కాదు, నమ్మకమును సంపాదించిన పిదప. కావలివాడు బిడ్డల అఱపుకంటె పెద్దవాని తీయని మాటకు ఎక్కువ విలువ నిచ్చెను. మన నీతిబోధకులు అపరిచితుని తప్పెన్నిరి గాని ఈ రెండవ తప్పును అంతగా ఎన్నలేదు.

ఇది కథామాత్రము కాదు. 1991 ఆగస్టులో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవుచున్న ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానమున పదియేండ్ల ప్రాయపు బాలిక యొకతె కన్నీరు కార్చుచుండెను. విమానపరిచారిక యొకామె గమనించి కారణమడిగెను. అరువదియేండ్ల సౌదీ దేశీయునకు తన్నిచ్చి పెండ్లి చేసిరని బాలిక చెప్పెను. ఢిల్లీలో పోలీసులు అతనిని నిర్బంధించిరి. ఈ ఉదంతము దేశమంతట చర్చకు వచ్చెను. ఇచట బాలికను పరునికి అప్పగించినవారు ఇంటివారు. ఆదుకొన్నది ఆమె అంతకుముందు కన్నెత్తి చూచి యెఱుగని స్త్రీ. ‘ఎఱుగనివారితో మాటాడకుము’ అను బోధను ఆ బిడ్డ అక్షరాల పాటించియుండినచో మౌనముగా విదేశమునకు పోయియుండెడిది.

2017లో ఇట్టి ఉదంతమొకటి బార్కస్‌నే తాకెను. పదునాఱేండ్ల బాలికను ఒమాను దేశపు వృద్ధున కిచ్చి బార్కస్‌లోని యొక హోటలున నికా జరిపించిరని ఆమె తల్లి పోలీసులకు ఫిర్యాదు చేసెను. ఆ ఫిర్యాదున దోషులుగా పేర్కొనబడినవారిలో దగ్గఱి బంధువులే యుండిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఇట్టి వివాహముల విషయమై ఒమాను, కతారు దేశీయులు ఎనమండ్రను, వారితోపాటు మధ్యవర్తులను, ఖాజీలను నిర్బంధించిరి. దీనినిబట్టి ఈ పేటవారిపై గాని ఒక మతముపై గాని నింద మోపుట న్యాయము కాదు. దారిద్ర్యము, మధ్యవర్తుల లాభాపేక్ష కలిసినచోట ఇట్టివి జరుగుచున్నవి. మన విచారమునకు ముఖ్యమైన సంగతి వేఱు: విదేశీయుడు ఒంటరిగా బిడ్డను చేరజాలడు, తెలిసినవారి చేయి పట్టుకొనియే గడప లోనికి వచ్చును.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ ప్రకటించిన అధ్యయనము ఈ యనుభవమునకు బలము చేకూర్చుచున్నది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశముతో సహా 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించిన ఆ అధ్యయనమున, లైంగికముగా బాధించినవారిలో సగము మంది బిడ్డ యెఱిగినవారో, బిడ్డ నమ్మి యుండదగిన స్థానమున నున్నవారో అని తేలెను. పిల్లలలో అత్యధికులు ఆ సంగతి నెవరికిని చెప్పలేదు.

2012 నవంబరు 14న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము ఈ మౌనమును గుర్తించినది. బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దనో బిడ్డ కోరినచోటనో, పోలీసు దుస్తులు ధరింపక నమోదు చేయవలెనని, అవసరమైనచో దుబాసీని ఏర్పఱుపవలెనని విధించినది. నేరము తెలిసియు తెలుపకుండుట శిక్షార్హమన్నది. 1996లో ముంబయిలో ఆరంభమైన 1098 టెలిఫోను సేవయు, 2016లో హైదరాబాదున తెఱచిన భరోసా కేంద్రమును బిడ్డ మాటను వినుటకై యేర్పడినవే. జరద్గవము చేయని పనిని చట్టము పెద్దల విధిగా చేసినది.

అయినను మాట పుట్టవలసినది బిడ్డ నోట. ఇది భాషోపాధ్యాయులమైన మనకు సంబంధించిన సంగతి. బార్కస్ బిడ్డ ఇంట దక్కనీ ఉర్దూ మాటాడును. తెలుగుబిడ్డకైనను శరీరావయవముల పేర్లు ఇంట సిగ్గుమాటలు, పుస్తకమున సంస్కృతపు మాటలు. పేరు లేని అవయవమునకు జరిగిన కీడును బిడ్డ యెట్లు చెప్పగలదు? తన దేహభాగములను తన నుడిలో సంకోచము లేక పేర్కొనుట, ఇష్టము లేని స్పర్శను చుట్టమైనను కాదనుట, ‘ఎవరికిని చెప్పకుము’ అన్న మాటనే ముందుగా చెప్పుట, ఒకరు నమ్మకున్న మఱియొకరికి చెప్పుట: ఈ నాలుగును బూచికి బదులుగా నేర్పదగినవి. బూచి బిడ్డకు దాగుటను నేర్పినది. మన కిప్పుడు కావలసినది చెప్పుటను నేర్పు బోధ. దానికంటె ముందు, ఆ మాటను విని నమ్ముటకు పెద్దలు నేర్చుకొనవలసిన పాఠము.