హడపసరు వైద్యశాల: డాక్టరు యశవంతరావు ఫూలే ప్లేగుసేవ

మన వార్షిక మహాసభలందు అధ్యక్షోపన్యాసములను, తీర్మానములను పెక్కింటిని వినుచుందుము. సభ ముగిసిన పిమ్మట ఆ యధ్యక్షు లేమి చేసిరో విచారించువారు తక్కువ. 1893వ సంవత్సరమున పూనాకు దాపుననున్న సాస్వడు గ్రామమున సత్యశోధక సమాజపు వార్షికసభ జరిగెను. దాని కధ్యక్షత వహించినది సావిత్రీబాయి ఫూలే. తరువాత నాలుగేండ్లకు ఆమెయే ప్లేగు తగిలిన బాలు నొకనిని వీపున మోసికొని వైద్యశాలకు నడచినది. ఆ వైద్యశాలను నడపుచున్నవాడు ఆమె కుమారుడు. తల్లి చరిత్ర నేడు పాఠ్యపుస్తకముల కెక్కినది. కుమారుడగు డాక్టరు యశవంతరావు పేరైన నెరిగినవా రరుదు.

యశవంతుని జన్మమే ఆపన్నరక్షణమునకు సంబంధించినది. 1863లో జ్యోతిరావు దంపతులు పూనాలో బాలహత్యా ప్రతిబంధక గృహమును స్థాపించిరి. గర్భవతులై దిక్కుగానని వితంతువులు రహస్యముగా ప్రసవించి, బిడ్డను చంపుకొనక అచటనే విడిచిపోవుటకు వీలు కల్పించిరి. 1874 ప్రాంతమున కాశీబాయి యను బ్రాహ్మణ వితంతువున కచట కలిగిన శిశువును, సంతానము లేని యా దంపతులు పెంచుకొనిరి. మాలీకులపు జ్ఞాతుల కిది రుచింపలేదు. 1889లో జ్ఞానోబా ససాణే యను హడపసరు గృహస్థుడు మాత్రము ధైర్యము వహించి తన కుమార్తె నాతని కిచ్చి వివాహము చేసెను. 1890 నవంబరు 28న జ్యోతిరావు గతింపగా, దత్తపుత్రునకు ఉత్తరక్రియల యధికారము లేదని బంధువులు తగవునకు దిగిరి. అపుడు సావిత్రీబాయి తానే నిప్పుకుండ చేతబట్టి శవమునకు ముందు నడచి చితి నంటించెను. స్త్రీ యట్లు చేయుట ఆ కాలమున కనివిని యెరుగని సంగతి.

ఈ కుటుంబమునకు ఆపత్సేవ కొత్త కాదు. మన ప్రాంతమున ధాత కరువని పెద్దలు చెప్పుకొనెడి 1876–78 నాటి క్షామము బళ్లారి, కర్నూలు, కడప మండలములను పాడుచేసినట్లే పూనా మండలమును గూడ పాడుచేసెను. ఓతూరునుండి సావిత్రీబాయి 1877 ఏప్రిల్ 20న భర్తకు వ్రాసిన లేఖ నేటికిని గలదు. పశువులు చచ్చుట, జనులు ఊళ్లు విడుచుట, సమాజ సేవకులు నిర్బంధింపబడుట అందు కనబడును. సత్యశోధకుల పనులకు బొంబాయిలోని తెలుగువారును తోడ్పడిరి. కామాఠీపురమునకు ఆ పేరు వచ్చినది మన కామాఠీల వలననే. వారిలో కాంట్రాక్టులవలన ధనము గడించిన జాయా కరాడీ లింగు, వ్యంకు బాళాజీ కాలేవారు మున్నగువారు జ్యోతిరావునకు కుడిభుజములై నిలిచిరి. వీరినిగూర్చి మనవారు వ్రాసినది మిక్కిలి స్వల్పము. ఇది మన లోపమే.

ఇక ప్లేగు సంగతి. 1896 సెప్టెంబరులో బొంబాయి మాండవిపేటలో డాక్టరు వీగాస్ అను వైద్యుడు దీనిని గుర్తించెను. రోగులను బలవంతముగా ఆసుపత్రికి తరలించుటచే జనులకు రోగము కంటె ఆసుపత్రియే భయంకరమయ్యెను. అక్టోబరు 29న మిల్లు కూలీలు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపైకి దండెత్తిరి. లక్షలకొలది జనులు నగరమును విడిచి పారిపోయిరి. వారితో తెగులు పూనా చేరెను. క్రిమి యేదో 1894లోనే తెలిసినను, ఎలుకల గోమార్లవలన నది వ్యాపించునని సైమండ్ కనుగొనుట 1898 నాటి మాట. హాఫ్కిన్ తన టీకాను 1897 జనవరి 10న మొదట తనకే వేసికొని పరీక్షించెను. రోగమును నయముచేయు నిశ్చితమైన మందు మాత్రము మరి యేబది యేండ్లకు, స్ట్రెప్టోమైసిన్ వచ్చినపిదప గాని, లభింపలేదు. అనగా ఆనాటి వైద్యుని చేతిలో నున్నవి శుభ్రత, శుశ్రూష, ఆహారము, ధైర్యవచనము.

సైన్యవైద్యశాఖలో నుద్యోగించుచున్న యశవంతరావును తల్లి పిలిపించెను. అతడు వచ్చి హడపసరు చేరువ ససాణేవారి పొలమున, ఊరికి వెలిగా, వైద్యశాల తెరచెను. స్థలనిర్ణయమున ననుభవము కలదు: ఊరి ఇరుకునుండి దూరము, గాలి వెలుతురులు సమృద్ధి, పిల్లనిచ్చిన మామగారి నేల గనుక పొమ్మనువారు లేరు. ఇచట రోగిని కుల మడుగువారు లేరు. అంటరానివారనబడువారికి ఇది సామాన్యమైన సంగతి కాదు. ఊరి బావి దరిజేరనీయని వారిని ఊరివైద్యు డెట్లు నాడి పట్టి చూచును? అట్టివారి యిండ్లకు సావిత్రీబాయి స్వయముగా పోయి రోగులను వెదకి తెచ్చుచుండెను. ముంఢవా గ్రామపు మహారుల పేటలో పాండురంగ బాబాజీ గాయక్వాడు కుమారునకు ప్లేగు తగిలెనని వినిన తోడనే పోయి, ఆ బాలుని వీపున వేసికొని తెచ్చెను. బాలుడు బ్రతికెను. ఆమెకు రోగ మంటి 1897 మార్చి 10న మరణించెను. అపుడామె వయస్సు అరువది యారు. కుమారుని చేతి వైద్యము పరుల బిడ్డకు ఫలించి తల్లికి ఫలింపకపోయెను.

ఆమె పోయిన కొన్ని దినములకే, మార్చినెల నడుమ, ప్లేగు కమిటీ యధ్యక్షుడగు రాండ్ సైనికులను పూనా యిండ్లలోనికి పంపెను. వంటయిండ్లు, పూజామందిరములు, స్త్రీల గదులు అన్నియు సోదా చేసిరి. జనులు రోగులను దాచసాగిరి. జూన్ 22 రాత్రి రాండ్‌ను తుపాకితో కాల్చిరి. ప్రభుత్వమునకు ధనము, సైన్యము, శాసనము కలవు. హడపసరునకు అవేవియు లేవు. కాని హడపసరున రోగిని దాచవలసిన యవసరము కలుగలేదు. వ్యాధినివారణమునకు కట్టుబాటు వలదని నా యభిప్రాయము కాదు. రోగులను వేరుచేయుట అవసరమే. తలుపు తట్టువా డెవడన్నదే ప్రశ్న.

యశవంతరావు మరల సైన్యసేవకు పోయెను. తల్లి పోయిన పది సంవత్సరములలోపలనే, ప్లేగు మరల ప్రబలగా, తిరిగివచ్చి చికిత్స చేయుచు తానును దానికే బలియయ్యెను. అతని రెండవ భార్య చంద్రభాగాబాయి జీవనోపాధి లేక ఫూలేగారి యింటిని అమ్ముకొని, ధర్మసత్రములలో కాలము గడపి మరణించెనని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. ఆ యిల్లు నేడు స్మారకమందిరముగా నిలిచియున్నది. వైద్యుని భార్య నాశ్రయమిచ్చి నిలిపిన సంఘ మేదియు నానాడు లేకపోయెను.