జీబ్రా చారలు – మన జోరీగ



మన లోహా, కంధార్ వైపు మాలెగావ్ ఖండోబా జాతర చూడనివాళ్లు తక్కువ. మార్గశిరంలో అక్కడికి గుర్రాలు, గాడిదలు, ఎడ్లు బారులు తీరి వస్తాయి. ఈసారి వెళ్తే గాడిద భుజాల మీద అడ్డంగా ఉండే నల్లచారను ఒకసారి గమనించండి. అలాంటి చారల గురించి 1859లో చార్లెస్ డార్విన్ తన ప్రసిద్ధ గ్రంథంలో చాలా శ్రద్ధగా రాశాడు.

అందులో మన దేశపు కాఠియావాడ్ గుర్రం ప్రస్తావన ఉంది. చార లేని గుర్రాన్ని అక్కడ మేలుజాతిగా ఒప్పుకోరని కర్నల్ పూల్ అనే అధికారి చెప్పిన మాటను డార్విన్ ఉదాహరించాడు. గుర్రానికీ గాడిదకూ జీబ్రాకూ చారలున్న పూర్వీకుడు ఒక్కటేనని ఆయన నిర్ణయం. మరి ఒక్క జీబ్రాకే ఒళ్లంతా ఎందుకు నిలిచాయి? ఇది ఆయనకూ లొంగలేదు. బయలు మైదానంలో ఈ చారలు జంతువును దాచలేవని 1871లో రాశాడు. మసక వెలుతురులో దాస్తాయని వాలెస్ 1889లో బదులు చెప్పాడు.

పగటి వెలుగులో 50 మీటర్లు దాటితే సింహం కంటికి ఆ చారలు విడివిడిగా కనబడవని 2016లో ఒక పరిశోధన తేల్చింది. సింహాన్ని కాసేపు పక్కన పెడదాం. వానాకాలంలో మన కొట్టంలో ఆవు తోక ఎందుకు ఆగదు? జోరీగ వల్ల. అది ఒక పశువును కుట్టి, తరిమితే లేచి, అదే నెత్తుటి మూతితో ఇంకో పశువు మీద వాలుతుంది. సర్రా రోగం అలాగే పాకుతుంది. జ్వరం వచ్చిపోతూ గుర్రం చిక్కి శల్యమవుతుంది. ఆ రోగక్రిమిని 1880లో అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు గుర్రాల నెత్తుటిలో కనుగొన్నాడు.

ఆఫ్రికాలో ఇలాంటి రోగాలు మెండు. పైగా జీబ్రా వెంట్రుక పొట్టిది, ఈగ ముల్లు సులువుగా దిగుతుంది. కుట్టే ఈగల బెడద ఉన్న చోట్లే చారలు గాఢంగా ఉన్నాయని 2014లో టిమ్ కారో బృందం లెక్కతేల్చింది. 2019లో వాళ్లే బ్రిటన్‌లో జీబ్రాలనూ గుర్రాలనూ పక్కపక్కనే గమనించారు. జోరీగలు రెండింటి దగ్గరికీ సమానంగానే వచ్చాయి. వాలినవి మాత్రం జీబ్రా మీద నాలుగోవంతే! చారల దగ్గరికొచ్చాక వేగం తగ్గించుకోలేక ఢీకొని పోయేవి, లేదా దాటిపోయేవి. గుర్రాలకే చారల గుడ్డ కప్పి చూస్తే, గుడ్డ మీద వాలడం తగ్గింది. బోడిగా వదిలిన తల మీద మాత్రం ఎప్పటిలాగే వాలాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం ఆ తలే.

అదే సంవత్సరం జపాన్‌లో నల్లావులకు తెల్లచారలు పూశారు. కుట్టే ఈగలు సుమారు సగానికి తగ్గాయి. ఆ పనికి 2025లో ఇగ్ నోబెల్ అనే నవ్వుల బహుమతి కూడా దక్కింది. నవ్వితే నవ్వనీయండి, మందు చల్లకుండా సగం ఈగలు పోవడం రైతుకు చిన్న సంగతి కాదు.

శ్రావణ అమావాస్య పోలాకు మనం ఎడ్లకు ఎలాగూ రంగులు పూస్తాం. జోరీగల కాలమూ అదే. ఈసారి ఒక లాల్ కంధారి ఎద్దుకు ఒక్క పక్క మాత్రమే సుద్దతో చారలు గీసి, రెండు పక్కలా ఈగలను లెక్కపెట్టి చూడాలని నా కోరిక.